గడప దాటాక పోసే నీళ్ళు

"ముందు ఆ నీళ్ళు తీసుకెళ్ళి సింకులో పారబొయ్యి" అన్నాను.

"పారబోయడానికే పట్టాను ఆంటీ. సింకులో కాదు, రేప్పొద్దున మా నాన్న కారు కదిలాక దాని వెనకాల. అది కూడా నేను కాదు, మీరు పొయ్యాలి" అంది నెర్మిన్.

"నేనా? నీకు మతిగాని పోయిందా?"

"కారు నేను నడపాలి కదా. ఇంట్లో ఉండిపోయే మనిషి పొయ్యాలి. ఇక్కడ మాకు మీరు కాక ఎవరున్నారు?"

"బతికున్న మనిషి వెనకాల నీళ్ళు పోస్తారా ఎక్కడన్నా? ఆయన వెళ్ళడం నీకిష్టం లేకపోతే మొహం మీదే చెప్పు. అంతేగాని నా చేత ఇలాంటి పాడుపని చేయించకు."

మా అమ్మాయి మాధవి మా ఇద్దరి మధ్యా నిలబడి, నా తెలుగు ఆవిడకి ఇంగ్లీషులోనూ ఆవిడ ఇంగ్లీషు నాకు తెలుగులోనూ చెబుతోంది. పాడుపని అన్న చోట ఆగిపోయి, "అమ్మా, ఈ ముక్క నేను చెప్పను" అంది. చెప్పమన్నాను. ఏం మార్చి చెప్పిందో గాని, నెర్మిన్ మొహం మాత్రం ఎర్రబడింది.

"పాడుపనేంటి? మా నాన్నని జైలుకి తీసుకెళ్ళిన ప్రతిసారీ మా అమ్మ వెనకాల నీళ్ళు పోసింది. ప్రతిసారీ తిరిగొచ్చాడు. ఇప్పుడు అమ్మ లేదు. మీరు కాదంటే చెప్పండి, కారు రోడ్డు మీద ఆపి నేనే దిగి పోసుకుంటాను!" అని, నీళ్ళ జగ్గు మా డైనింగ్ టేబుల్ మీదే వదిలేసి చరచరా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నేను కుర్చీలో కూలబడ్డాను. మాధవి మంచినీళ్ళు కావాలా అని అడిగింది. నీళ్ళ పేరెత్తకు అన్నాను.

మేముండేది అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో, పై వాటాలో. కింద వాటా నెర్మిన్‌ది. వాళ్ళది టర్కీ. ఆవిడ మందుల కంపెనీలో ఉద్యోగం చేసుకుంటూ ఒక్కతే ఉండేది. పోయిన చలికాలంలో వాళ్ళ నాన్న గుండె ఆపరేషన్ కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆయన పేరు సబ్రి. నేను సబ్రి గారు అంటాను. వయసులో నాకంటే చిన్నే, మా చిన్నతమ్ముడి ఈడు ఉంటుంది. బక్కపల్చటి మనిషి, తెల్లమీసం, మోచేతుల దగ్గర చిరుగులకి రఫ్ఫు కుట్టిన స్వెట్టరు. ఆ కుట్టు చూసే నాకు ఆయన మీద మంచి అభిప్రాయం కలిగింది. ఈ దేశంలో చిరిగిన బట్టని కుట్టి తొడుక్కునే మనిషిని నేనెక్కడా చూడలేదు.

మొదటిసారి ఆయన్ని చెత్త డబ్బాల దగ్గర చూశాను. ఎవరో రొట్టెముక్క కింద పారేస్తే, వంగి తీసి, ముద్దుపెట్టుకుని, నుదుటికి ఆనించుకుని, పిట్టలకి అందేలా గోడ మీద పెట్టాడు. అన్నానికి కాలు తగిలితే మనం కళ్ళకద్దుకోమా, అలాగే. పాపం, తిండికి ముఖం వాచిన మనిషేమో అనుకుని, మర్నాడు మా ఇంట్లో మిగిలిన బ్రెడ్డు ముక్కలు ఒక కవర్లో కట్టి ఆయన చేతిలో పెట్టాను. గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచి తీసుకున్నాడు. అప్పట్నుంచీ సాయంత్రాలు ఇద్దరం బెంచీ మీద కూర్చునేవాళ్ళం. భాష లేదు. ప్లాస్టిక్ కవర్లని మూడు మూలలుగా మడిచి దాచుకోవడం నేను నేర్పాను. పాల డబ్బాలో పుదీనా పెంచడం ఆయన నేర్పాడు. ఒకసారి లిఫ్టు పాడైతే మా బియ్యం బస్తా ఎత్తబోయాడు. "కోసి కుట్టిన గుండెతో మీకెందుకండీ ఈ పనులు, నోరుమూసుకుని కూర్చోండి" అని తెలుగులోనే కేకలేశాను. నవ్వుతూ కూర్చున్నాడు.

అటువంటి మనిషిని ఒకరోజు మాధవి ఫోన్‌లో చూపించింది. పెద్ద మైదానం. ఇసకేస్తే రాలనంత జనం. బస్సు పైకెక్కి, చొక్కా చేతులు మడిచి, మైకు పట్టుకుని ఒకాయన అరుస్తున్నాడు. ఆయన ఒక మాట అనడం, అంతమందీ ఒక్క గొంతుతో దాన్ని తిరిగి అనడం. "ఎవరో గుర్తుపట్టు" అంది. మీసం నల్లగా ఉంది. గుర్తుపట్టలేదు. మైకు పెట్టేసి, గుండె మీద చెయ్యేసుకుని తల వంచాడు. అప్పుడు తెలిసింది. "ఈయనకా నేను పాచి బ్రెడ్డు ఇచ్చింది!" అన్నాను. మాధవి పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ తర్వాత నెర్మిన్ మా టేబుల్ దగ్గర కూర్చుని ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. నల్లసముద్రం ఒడ్డున ఏదో చిన్న ఊరు. చాకొలెట్లలో వేస్తారే, ఆ కాయల తోటల్లో వాళ్ళ తాతది కూలి పని. ఈయన చదువుకుని బడిపంతులయ్యాడట. పంతుళ్ళ సంఘంలో చేరాడని ఊరూరూ బదిలీ చేశారు. చేసినచోటల్లా ఇంకో పది మందిని చేర్చాడు. పంతులుగిరీ వదిలి ఎన్నికల్లో నిలబడ్డాడు. ఓడిపోయాడు. మళ్ళీ నిలబడి మళ్ళీ ఓడిపోయాడు. చివరికి వాళ్ళ పట్టణానికి మేయరయ్యాడు. మన మునిసిపల్ చైర్మన్ అన్నమాట. అయ్యాక చేసిన మొదటి పని, వీధివీధికీ ఒక చిన్న కొట్టు పెట్టి లాభం వేసుకోకుండా రొట్టె అమ్మించడం. తెల్లారి జనం లైనులో నిలబడితే తనూ వెళ్ళి అదే లైనులో నిలబడేవాడట. పార్లమెంటుకి వెళ్ళాడు గాని ఎప్పుడూ ఎదుటిపక్షం బల్లల మీదే. మంత్రి కారెక్కిన పాపాన పోలేదు. సభల్లో అన్న మాటలకి రెండుమూడుసార్లు జైల్లో పెట్టారు. బయటికొచ్చి మళ్ళీ అదే ఊళ్ళో నిలబడి మేయరుగా గెలిస్తే, ఈసారి ఆయన్ని తీసేసి ఆ కుర్చీలో ఒక ఆఫీసరుని కూర్చోబెట్టారు.

"ఓట్లేసి గెలిపించిన మనిషిని తీసేస్తే జనం ఊరుకున్నారా?" అని అడిగాను.

"ఊరుకోలేదు. ఆ ఆఫీసరు ఆఫీసు మెట్ల మీద రోజూ తెల్లారేసరికి ఎవరో ఒక రొట్టె పెట్టి వెళ్ళేవాళ్ళు" అంది.

ఆయన ఇక్కడ మంచం మీద ఉండగా అక్కడ ఇంకో కేసు పెట్టారట. ఆయనతో పనిచేసిన వాళ్ళందర్నీ లోపల వేశారు. ఈయన దేశంలో లేడు కాబట్టి మిగిలాడు. ఇక్కడే ఉండిపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు. విమానం దిగితే విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. ఆయన టిక్కెట్టు కొనుక్కున్నాడు. కూతురు ఏడ్చింది, అన్నం మానేసింది, పాస్‌పోర్టు కూడా దాచింది. "మిగతావాళ్ళ పెళ్ళాలు ఫోన్ చేసి, సబ్రి అన్న ఎలా ఉన్నాడు, మందులు వేసుకుంటున్నాడా అని అడుగుతున్నారమ్మా. మీ ఆయన లోపలున్నాడు, నేను బయటున్నాను అని ఎలా చెప్పను?" అన్నాడట. అప్పుడు పాస్‌పోర్టు తీసి ఇచ్చింది. ఇచ్చాక మిగిలింది ఈ నీళ్ళు.

నా సంగతి ఎవరికీ తెలియదు. మా ఇంట్లో ఎవరన్నా ఊరెళ్తే నేను నీళ్ళ చుక్క కింద పడనివ్వను. మా అల్లుడు ఆఫీసు పని మీద విమానమెక్కితే, ఆయన దిగి ఫోన్ చేసేదాకా డిష్‌వాషర్ ఆన్ చెయ్యనివ్వను. మాధవి దీన్ని నా చాదస్తాల్లో కలిపేసింది. పైగా నేను పసుపుకుంకాలు పోయిన మనిషిని. ఎవరన్నా బయల్దేరుతుంటే ఎదురు పడకుండా వంటింట్లోకి తప్పుకుంటాను. నన్ను నీళ్ళు పొయ్యమంటుందా ఈ పిల్ల! జగ్గు వంక చూస్తూ కూర్చుంటే, మా ఊళ్ళో మా ఇంటి మెట్లు కళ్ళ ముందుకొచ్చాయి.

మాది చీరాల దగ్గర పల్లెటూరు. నాపరాళ్ళ అరుగు, దానికి మెట్లు. మా నాయనమ్మ పొద్దున్నే లేచి ఆ మెట్లు తనే కడిగేది, ఇంకొకళ్ళు కడిగితే ఆవిడకి నచ్చదు. నీళ్ళు పోసి, కొబ్బరి పీచుతో రుద్ది, ఆరాక ముగ్గు గీసేది. ఇంట్లో అన్నిటికీ ఆవిడదే లెక్క. చింతపండు తను తీసిస్తేనే, నూనె తను వంచితేనే. నా పిసినారితనం ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. నాన్నకి కిరాణా కొట్టు. నాన్న తమ్ముడు చలపతి బాబాయికి పార్టీ. మా ఊరి ప్రెసిడెంటు ఎవరో కాదు, నాయనమ్మ సొంత తమ్ముడే. బాబాయి నిలబడింది ఆయన మీదే. సొంత మేనమామ మీద, అందులోనూ ఆయన కూతుర్ని చేసుకుంటాడని అందరూ అనుకుంటున్న రోజుల్లో.

ఆ రోజుల వాసన నాకు ఇంకా తెలుసు. పోస్టర్లు అంటించడానికి మైదాపిండి ఉడికేది. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేసేవాడు. వంటింట్లో ఒక పొయ్యి మీద పప్పు, ఇంకో పొయ్యి మీద ఆ జిగురు. "తినే పిండి గోడలకి పూస్తావురా, నీ మొహం మండా!" అనేది నాయనమ్మ. "మీ తమ్ముడు ప్రెసిడెంటయ్యాక గోడలక్కూడా ఆకలేస్తోందే అమ్మా" అనేవాడు బాబాయి. ఆవిడ గరిటె విసిరేది. ఆయన ఒడుపుగా పట్టుకుని, దాంతోనే జిగురు కలిపేవాడు. ఉన్న ఒక్క తెల్లచొక్కా రోజూ తనే ఉతుక్కుని నీలిమందు పెట్టుకునేవాడు. పెద్దబావిలో చేపలు చచ్చి తేలుతున్నాయి, దళితవాడ వాళ్ళు ఆ నీళ్ళే తాగుతున్నారు, కొత్త బావి ఎందుకు తవ్వరు అని అడిగేవాడు. ఓడిపోయాడు. ఓడిపోయినా అడగడం మానలేదు. ప్రతి మీటింగుకీ వెళ్ళి అదే ప్రశ్న.

అలా ఉండగా ఎవరిదో గడ్డివాము తగలబడింది. బాబాయి పేరు రాయించారు. ఎవరు రాయించారో ఊరందరికీ తెలుసు, నాయనమ్మకీ తెలుసు. పొద్దున్నే ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. బాబాయి చద్దన్నంలో మాగాయ కలుపుకుంటున్నాడు. "కూర్చోండి, తిని వస్తాను" అన్నాడు. నాయనమ్మ వాళ్ళకి మజ్జిగ ఇచ్చింది. గుమ్మంలోకి వచ్చిన మనిషికి మజ్జిగ ఇవ్వకుండా పంపడం ఆవిడకి తెలియదు. బాబాయి చెయ్యి కడుక్కుని, చొక్కా వేసుకుని, "వెళ్ళొస్తానమ్మా" అన్నాడు. వెళ్ళిరా అనలేదు ఆవిడ. వాళ్ళతోపాటు మెట్లు దిగి ఆయన వీధిలో కాలు పెట్టాడో లేదో, గాబులోంచి బిందె ముంచి తెచ్చి అరుగు మీద దబదబా కుమ్మరించింది. ఇంకో బిందె తెచ్చింది. శవం లేచాక ఇల్లు కడిగినట్టు గుమ్మం నుంచి కింది మెట్టు దాకా కడిగేసింది. వీధి వీధంతా నిలబడిపోయింది. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మజ్జిగ తాగిన కానిస్టేబులు సైతం తల దించుకున్నాడు. బాబాయి వెనక్కి తిరిగి చూశాడు. ఆ నీళ్ళు మెట్ల మీంచి జారి ఆయన చెప్పుల దాకా వచ్చాయి. నేను స్తంభం పట్టుకుని అలాగే కొయ్యబారిపోయాను. ఏడవడానిక్కూడా భయమేసింది.

తమ్ముడి పరువు కోసం చేసిందో, కొడుకు మీద బెంగతో ఒళ్ళు తెలియక చేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. కేసు నిలవలేదు. పోలీసులు వదిలేశాక బాబాయి ఇంటికొచ్చాడు. మెట్ల ముందు కాసేపు నిలబడ్డాడు. పైకెక్కలేదు. సైకిలు షాపు వెనక గది తీసుకున్నాడు, పెళ్ళి లేదు, ఏమీ లేదు. నాన్న కొట్టుకి బేరాలు పడిపోయాయి. బడిలో పంతులు ప్రెసిడెంటు మనిషి, నన్ను వెనక కూర్చోబెట్టి పేరు కూడా పిలిచేవాడు కాదు. నాలుగో తరగతితో నా చదువు అలా ఆగింది. నాయనమ్మ ఆ తర్వాత ఆ మెట్ల మీద నీళ్ళు పొయ్యలేదు. పీచు పట్టుకుని అమ్మ వెళ్తే, "వాటి జోలికి రాకు" అని అరిచేది. ఊడవడమే, కడగడం లేదు. ముగ్గు లేదు. పండక్కి ఊరందరి గుమ్మాలూ మెరుస్తుంటే మావి మట్టి కొట్టుకుని ఉండేవి. ఆవిడ పోయిన రోజున బాబాయి వచ్చి వీధిలోనే నిలబడ్డాడు. పాడె కిందికి దిగాక భుజం పెట్టాడు. ఆవిడ వెళ్ళాక అమ్మ తప్పక బిందె తీసింది. ఆ మెట్లు మళ్ళీ తడిసింది ఆ రోజే.

ఇదంతా తలుచుకుంటూ ఉండగా తలుపు చప్పుడైంది. సబ్రి గారు. కూతురు చెప్పినట్టుంది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, లోపలికి రావచ్చా అన్నట్టు చూశాడు. నెర్మిన్ వెనకాల తల వంచుకుని నిలబడింది. మాధవి టీ పెట్టింది. పాలు పొయ్యబోతే ఆయన కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. నా మటుకు నేను ఎవరికీ చెప్పని సంగతి, మాధవికి కూడా చెప్పని సంగతి, ఆ టేబుల్ దగ్గర చెప్పాను. నేను తెలుగులో చెబితే మాధవి ఇంగ్లీషులో, నెర్మిన్ వాళ్ళ భాషలో. నీళ్ళు ఆయన చెప్పుల దాకా వచ్చాయి అన్న దగ్గర మాధవి ఇంగ్లీషులో చెప్పడం మర్చిపోయింది. నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. నెర్మిన్ లేచి వచ్చి, నా భుజం మీద తల పెట్టి ఏదో అంది. ఆ మాట నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

సబ్రి గారు మాత్రం మీసం నిమురుకుంటూ ఒక ప్రశ్న అడిగాడు. "ఆయన మళ్ళీ పోటీ చేశాడా?"

ఇంత చెబితే అడిగేది ఇదా! "చేశాడు. మళ్ళీ ఓడిపోయాడు" అన్నాను.

ఆయన కుట్లు వేసిన గుండె పట్టుకుని పడీ పడీ నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "బావి తవ్వారా?" అన్నాడు.

"తవ్వారు. బాబాయిని ఓడించిన వాళ్ళే తవ్వించారు."

"అయితే గెలిచాడు" అని టీ తాగేశాడు. లేస్తూ జగ్గు వంక చూసి, నా వంక చూసి, మీ ఇష్టం అన్నట్టు చేతులు విప్పాడు. వెళ్ళిపోయాడు.

ఆ కాలంలో మనిషిని ఇంట్లోంచి నడిపించి తీసుకెళ్ళేవాళ్ళు. వీధి వీధంతా చూసేది. సిగ్గుపడేవాళ్ళు సిగ్గుపడేవాళ్ళు, తల దించుకునేవాళ్ళు దించుకునేవాళ్ళు. ఇప్పుడు మనిషే సూటుకేసు సర్దుకుని, మాత్రలు పొట్లం కట్టుకుని, విమానమెక్కి సముద్రాలు దాటి వెళ్ళి పట్టుబడతాడు. చూడ్డానికి ఫోన్లు తప్ప వీధి లేదు. మా బాబాయికి గడప ఉంది, దాని మీద నిలబడి కోప్పడే తల్లి ఉంది. ఈయనకి ఉన్నదల్లా పార్కింగ్ లాట్, అద్దె వాటా, పై ఇంట్లో భాష తెలియని నేను. ఉన్న బట్టనే చూసుకుని తొడుక్కోవడంలో మా బాబాయీ ఈయనా ఒకటే. మొండితనంలో చెప్పనే అక్కర్లేదు. ఒకే రకం నీళ్ళు ఒక దేశంలో పొమ్మని, ఇంకో దేశంలో రమ్మని! ఇన్నేళ్ళుగా నేను భయపడ్డది నీళ్ళకా, మా నాయనమ్మ మొహానికా అనిపించింది.

"ఈ చలికి ఆ నీళ్ళు గడ్డ కడితే ఎవరన్నా జారిపడతారే" అన్నాను మాధవితో.

"మెట్ల దగ్గర మంచు మీద చల్లే ఉప్పు డబ్బా ఉందమ్మా" అంది.

మర్నాడు పొద్దున కారు గుమ్మం ముందుకొచ్చింది. నెర్మిన్ స్టీరింగు దగ్గర కూర్చుంది, నా వైపు చూడలేదు. మా అల్లుడు సూటుకేసు ఎక్కించాడు. నేను వంటింట్లోకి తప్పుకోలేదు. శాలువా కప్పుకుని జగ్గు పట్టుకుని కిందికి దిగాను. సబ్రి గారు నా దగ్గరకొచ్చి, నా ఖాళీ చెయ్యి అందుకుని ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. పెద్దవాళ్ళకి అలా చేస్తారట. నేను చెయ్యి లాక్కోలేదు. "వెళ్ళి రండి" అన్నాను. ఆయన ఎక్కాడు, కారు కదిలింది. జగ్గులో నీళ్ళన్నీ దాని వెనకాల పోశాను. కారు మలుపు తిరిగాక, తడిసిన చోట ఉప్పు చల్లి, పైకొచ్చి జగ్గు కడిగి బోర్లించాను.